ఇంజను లేని బండి, వాలు రోడ్డు: సోప్‌బాక్స్ క్లబ్బులో చేరేముందు ఏం చూసుకోవాలి?

నాచారం_నవీన్
ఆఫీసులో ముగ్గురు సోప్‌బాక్స్ బళ్ల క్లబ్బులో చేరుతున్నారు, నన్నూ రమ్మంటున్నారు. ఇంజనూ పెడలూ లేని బండిని వాలు మీద నుంచి వదిలి దిగడమే పందెం. సభ్యత్వం డబ్బులు ముందే కట్టాలట, బండి మాత్రం "నువ్వే కట్టుకురా, మేం చెక్ చేస్తాం" అంటున్నారు. ఏం చెక్ చేస్తారంటే సరైన జవాబు లేదు. నాకు సైకిల్ పని వచ్చు, వెల్డింగ్ రాదు. ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, బరువు 84 కేజీలు. ముందు చేరాలా, ముందు బండి కట్టుకోవాలా? వాళ్లను ఏమేం అడగాలి?

రాణిగంజ్_బేరింగ్
బండి తర్వాత తమ్మీ. పైసలు గూడ తర్వాత. మొదట వాళ్ల పందెం ఉన్న రోజు పొద్దుగాల పోయి ఊకనే నిలబడి చూడు. అందరు పైన స్టార్టింగ్ కాడ గుమిగూడుతరు, నువ్వు కిందికి పో. పందెం ముగిసే గీత దాటినంక బండి ఆగనీకి ఎంత జాగ ఇడిసిన్రు, ఆ జాగ ఆఖర్ల ఏమున్నది, గదే చూసుడు. గోడనో, కరెంటు స్తంభమో, నాలానో ఉంటే వాపస్ రా.

చింతల్_స్పోక్
+1. చాలామంది వేగం గురించే అడుగుతారు, ఆగే జాగా గురించి అడగరు.

ఈసీఐఎల్_సుజాత
రాణిగంజ్ అన్న అన్న జాగాకు లెక్క కడదాం. గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. వెనక చక్రాలకే బ్రేకులున్న బండి ప్రతి సెకనుకూ 3 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకుంటే మంచి బ్రేకే అనుకోవాలి. ఆ లెక్కన ఆగడానికి 17 మీటర్లు కావాలి. 50 కి.మీ. మీద వస్తే 32 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, దూరం దాదాపు రెట్టింపయింది. ఇది చదునైన పొడి రోడ్డు మీద మాట. గీత దాటాక కూడా 3 శాతం వాలు కొనసాగితే ఇంకో పదో వంతు కలపాలి. లివర్ నొక్కేలోపు పోయే అర సెకను వేరే. నన్నడిగితే వచ్చిన అంకెకు రెట్టింపు జాగా ఉంటేనే ఆ రోడ్డు పనికొచ్చినట్టు.

నాచారం_నవీన్
మరి ఆ రోడ్డు మీద ఎంత వేగం వస్తుందో ముందే తెలుస్తుందా సుజాత గారూ? వాళ్లు 60 దాటుతుందంటున్నారు.

ఈసీఐఎల్_సుజాత
తెలుస్తుంది. రోడ్డు పొడవు 200 మీటర్లు, వాలు 3 శాతం అనుకుందాం. మొత్తం దిగుడు 6 మీటర్లు. గాలి, రాపిడి రెండూ లేకపోయినా 39 కి.మీ. దాటదు, అది భౌతికశాస్త్రం గీసిన గీత. మనిషితో కలిపి 110 కేజీల బండి, నిటారుగా కూర్చున్న డ్రైవరు, మామూలు సైకిల్ టైర్లు వేసుకుంటే నిజంగా వచ్చేది 28 దగ్గర. 60 రావాలంటే ఏ నష్టమూ లేకుండానే 14 మీటర్లకు పైగా దిగాలి. అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తు. వాళ్ల రోడ్డుకు అంత దిగుడుందేమో అడగండి.

వాలు కొలవడానికి ఫోన్ యాప్ ఒక్కదాన్నే నమ్మొద్దు. మేస్త్రీలు లెవెల్ చూసే నీళ్ల పైపు తీసుకోండి, రోడ్డు మీద 10 మీటర్ల దూరంలో ఇద్దరు నిలబడండి. రెండు కొసల్లో నీటి మట్టం నేల నుంచి ఎంతెత్తులో ఉందో చూస్తే, తేడా 30 సెం.మీ. ఉంటే 3 శాతం. పై నుంచి కింది దాకా ఇలా కొలుచుకుంటూ పోతే ఎక్కడ ఉన్నట్టుండి వాలు పెరుగుతుందో కూడా దొరుకుతుంది.

కూకట్‌పల్లి_కిరణ్
ఇంతకీ హైదరాబాద్‌లో ఎక్కడ చేస్తారు? నెక్లెస్ రోడ్ మీద 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ జరిగింది కదా, అలాంటి చోటైతే జనం కూడా వస్తారు.

మెట్టుగూడ_మార్షల్
నెక్లెస్ రోడ్ చెరువు గట్టు, కిరణ్. ఫార్ములా ఈ కార్లకు మోటారు ఉంటుంది కాబట్టి చదునుగా ఉన్నా పర్లేదు. మనకు వాలే ఇంజను. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో వాలు బాగానే ఉంది గానీ ప్రతి 100 మీటర్లకు ఓ స్పీడ్ బ్రేకరు, ప్రతి గేటులోంచీ ఓ కారు. అనంతగిరి ఘాటు అందంగా ఉంటుంది, బస్సులు తిరిగే రోడ్డు, పైగా అడవి. వద్దే వద్దు.

మనకు కుదిరేవి రెండే. లోపల ఎత్తుపల్లాలున్న పెద్ద క్యాంపస్, లేదా ఊరి బయట ఇంకా ఇళ్లు కట్టని వెంచర్ రోడ్లు. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల గుట్టల అంచున వేసిన లేఅవుట్లలో 3, 4 శాతం వాలు మామూలే. యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలి. వెంచర్లలో చూసుకోవాల్సినవి: మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు కన్నా ఎత్తుగా ఉన్నాయా, మలుపులో ఇసుక చేరిందా, సీసీ రోడ్డైతే పలకల మధ్య సందు ఎంతుంది. సన్న టైరు ఆ సందులో పడితే స్టీరింగ్ చేతిలోంచి లాక్కుపోతుంది. పొద్దున్నే చీపురు పట్టి మలుపులు ఊడ్చే క్లబ్బు కనిపిస్తే కళ్లు మూసుకుని చేరొచ్చు.

కూకట్‌పల్లి_కిరణ్
ఇంజనే లేదు కదా, ఇక పోలీసులతో పనేముంది? మోటారు వాహనాల చట్టం దీనికి వర్తించదుగా.

తార్నాక_వకీలు
సగం నిజం. 1988 చట్టంలో అనుమతి లేని పందేలను నిషేధించే 189వ సెక్షన్ మోటారు వాహనాల గురించే. కానీ భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్‌లో "ఏ వాహనమైనా" అని ఉంది. పదిమంది తిరిగే దారిలో ప్రాణాపాయం కలిగేలా నడిపితే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంజను లేదన్నది అక్కడ వాదన కాదు. ప్రైవేటు స్థలమైనా స్థానిక స్టేషన్‌కు ముందుగా రాసిచ్చి, ముద్ర వేసిన కాపీ దగ్గర పెట్టుకోవాలి. క్లబ్బును ఆ కాపీ చూపించమని అడగండి నవీన్ గారూ.

బీమా సంగతి కూడా ఇక్కడే. ఆరోగ్య బీమాల్లో సాహస క్రీడల మినహాయింపు 9వ కోడ్ కింద ఉంటుంది. అది వృత్తిగా పాల్గొనే వాళ్ల గురించి. ప్రమాద బీమా పాలసీల్లో మాటలు వేరుగా ఉంటాయి, కొన్నింట్లో "రేసింగ్" అన్న ఒక్క పదంతో మొత్తం తీసేస్తారు. మీ పాలసీ కాగితం చదవండి, అర్థం కాకపోతే కంపెనీకి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

బాలానగర్_లేత్
బండి విషయానికొద్దామండి. క్లబ్బు ఏం చెక్ చేస్తుందో చెప్పట్లేదన్నారు. చెక్ చేయాల్సిన వరస ఇదీ: ముందు బ్రేకు, తర్వాత స్టీరింగు, ఆ తర్వాత ఇరుసు. బాడీ ఆఖర్న.

బ్రేకు: వెనక రెండు చక్రాలకూ 160 మి.మీ. సైకిల్ డిస్క్ బ్రేకులు. ఒకే లివరుతో రెండు వైర్లు లాగాలంటే మధ్యలో తరాజు పట్టీ (లాగుడును రెండు వైర్లకూ సమానంగా పంచే పట్టీ) ఉండాలి. లేకపోతే ఒక వైరు సాగగానే బండి ఒక పక్కకు లాగుతుంది. దీనితో సంబంధం లేని రెండో బ్రేకు ఒకటి తప్పనిసరి. పరీక్ష సులువే. డ్రైవరును కూర్చోబెట్టి వాలు మీద ఒక్కో బ్రేకుతో విడివిడిగా ఆపి చూడాలి, ఏ ఒక్కటి పట్టుకున్నా బండి కదలకూడదు. తర్వాత 20 కి.మీ. వేగం నుంచి 6 మీటర్లలోపు, గీత తప్పకుండా ఆగాలి. నేలకు రాసుకునే రబ్బరు బ్రేకు తడిలో పట్టదు, రోడ్డునూ గీస్తుంది. ఒక్కదాన్నే పెట్టుకుని వస్తే వెనక్కి పంపేయాలి.

బోయినపల్లి_వెల్డర్
స్టీరింగ్ గురించి నేను చెప్తా. తాడు కట్టి, చెక్క మధ్యల బోల్టు ఏసి, ఇరుసు మొత్తం తిరిగే బండ్లు చిన్నపిల్లల ఆటకు. ఒక చక్రం గుంతల పడితే ఇరుసు మొత్తం గుంజుకపోతది, తాడు పట్టిన చేతులు ఆపలేవు. పైగా ఇరుసు తిరిగినప్పుడు బండి నిలబడే వెడల్పు తగ్గుతది, పల్టీ కొట్టేది గప్పుడే. ముందు ప్రతి చక్రానికి విడిగా కింగ్‌పిన్ (చక్రం అటూ ఇటూ తిరిగే నిలువు పిన్ను) పెట్టాలె. దాన్ని పైభాగం వెనక్కి ఒరిగేటట్టు 10, 12 డిగ్రీలు వంచి వెల్డ్ చేస్తే చేతులు ఇడిసినా బండి తిన్నగ పోతది.

పైపు 25×25 మి.మీ. స్క్వేర్, 1.6 మందం చాలు. మీటరుకు కిలో పావులోపే. ఫ్రేముకు 6 మీటర్ల పైపులు రెండు సరిపోతయి. మూడోది ఏస్తున్నవంటే డిజైన్ల ఏదో ఎక్కువైనట్టే.

నాచారం_నవీన్
చక్రాలకు పాత సైకిల్ ముందు చక్రాలు నాలుగు తీసుకుందామనుకుంటున్నా. ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరుకుతాయి కదా.

చింతల్_స్పోక్
దొరుకుతాయి, కానీ ఒక పక్క పట్టుకుంటే వంగుతాయి. సైకిల్ ముందు హబ్బు ఇరుసు 9, 10 మి.మీ. ఉంటుంది. ఫోర్కు రెండు పక్కలా పట్టుకుంటుందని నమ్మి చేసిన వస్తువది. దాన్ని కారు చక్రంలా ఒకే పక్క బిగిస్తే మొదటి స్పీడ్ బ్రేకరుకే వంపు వస్తుంది, అది కంటికి కనిపించదు. చక్రం తిప్పి చూస్తే అటూ ఇటూ ఊగడంతో తెలుస్తుంది.

మూడు దారులున్నాయి. ఒకటి, ఫ్రేముకు చక్రం బయటి వైపు కూడా పట్టీ పెట్టి రెండు పక్కలా పట్టుకోవడం. రెండు, 14 మి.మీ. ఇరుసున్న 20 అంగుళాల బీఎంఎక్స్ (స్టంట్ సైకిల్) చక్రాలు. మూడు, వీల్‌చైర్ పెద్ద చక్రాలు. అవి మొదటి నుంచీ ఒకే పక్క పట్టుకోవడానికి చేసినవి, అర అంగుళం ఇరుసుతో వస్తాయి. వీటిల్లో వేటికైనా మలుపులో పక్క బలం వచ్చినప్పుడు పుల్లలే ముందు లొంగుతాయి. కాబట్టి 36 పుల్లల రిమ్ము, చిన్న చక్రం మేలు.

కూకట్‌పల్లి_కిరణ్
టీవీఎస్ ఎక్స్ఎల్ చక్రాలు వేస్తే? డ్రమ్ బ్రేకు కూడా కలిసొస్తుంది.

చింతల్_స్పోక్
బలమైనవే, బ్రేకు కూడా నమ్మకమైందే. కానీ బరువెక్కువ, మెత్తటి వెడల్పు టైరు, కదలడానికే బద్ధకం. అవీ రెండు పక్కలా పట్టుకునేవే. బ్రేకు మీద భయం ఉన్న కొత్తవాళ్లకు వెనకాల అవి, ముందు బీఎంఎక్స్ పెట్టుకోమంటాను.

బాలానగర్_లేత్
ఇరుసు కొత్తగా టర్నింగ్ చేయించుకునేవాళ్లకు ఒక మాటండి. ఈఎన్8 అనే ఉక్కు రకం కడ్డీ అడగండి, 15 మి.మీ., 6202 నంబరు బేరింగు సరిగ్గా కూర్చుంటుంది. కానీ దాన్ని ఫ్రేముకు వెల్డ్ చేయకండి. అందులో కార్బన్ ఎక్కువ. ముందు వేడి చేయకుండా ఆర్క్ కొడితే వెల్డ్ పక్కనే పెళుసెక్కుతుంది, విరిగేటప్పుడు సరిగ్గా అక్కడే పుటుక్కున విరుగుతుంది, వంగి హెచ్చరిక కూడా ఇవ్వదు. మైల్డ్ స్టీల్ బుష్ (చిన్న గొట్టం ముక్క) వెల్డ్ చేసి, ఇరుసును అందులోంచి దూర్చి నైలాక్ నట్టుతో (అదురుకు వదులు కాని నట్టు) బిగించాలి.

బోయినపల్లి_వెల్డర్
లేత్ అన్న మాట నూటికి నూరు. ఈఎన్8 మీద రాడ్ పెట్టమని ఎవరన్న తెస్తే వాపస్ పంపాలె.

మల్కాజిగిరి_మల్లేశ్
బరువు పెంచితే ఫాస్ట్ పోతది అంటరు. సీటు కింద ఇసుక బస్తా పెడితే ఐపోతది గదా?

ఈసీఐఎల్_సుజాత
గాలి లేకపోతే బరువుతో తేడా ఉండదు. గాలి ఉంది కాబట్టి బరువైన బండికి కొంత లాభం ఉంది, అది నిజమే. అయితే టైరు రాపిడి బరువుతో పాటే పెరుగుతుంది, బ్రేకు మింగాల్సిన శక్తి కూడా పెరుగుతుంది. 110 కేజీలు సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తే ఆ శక్తి 5,500 జౌల్స్, 140 కేజీలైతే 7,000. లివరు నొక్కే చెయ్యి మాత్రం అదే. అందుకే మంచి క్లబ్బు మనిషీ బండీ కలిపి బరువుకు పరిమితి పెట్టి కాటా మీద తూస్తుంది. కాటా లేదంటే అదో గుర్తు.

బస్తా అసలు వద్దు మల్లేశ్. బ్రేకు వేయగానే ముందుకు జారి కాళ్ల మీదకొస్తుంది. బరువు పెట్టాలంటే ఇనుప పలక ఫ్రేముకు బోల్టులతో, నేలకు వీలైనంత దగ్గరగా.

మల్కాజిగిరి_మల్లేశ్
సరే అక్కా, బస్తా క్యాన్సల్. మరి నేలకు దగ్గరగ ఎందుకు?

ఈసీఐఎల్_సుజాత
చక్రాల మధ్య వెడల్పు 1 మీటరు, బరువు కేంద్రం 45 సెం.మీ. ఎత్తులో ఉంటే, మలుపులో బండి పల్టీ కొట్టేముందే టైరు జారుతుంది. జారితే మలుపు పక్కన పేర్చిన గడ్డికట్టలకు తగిలి ఆగుతుంది. అదే వెడల్పు 70 సెం.మీ., ఎత్తు 50 అయితే తారు రోడ్డు మీద టైరు జారేలోపే బండి తిరగబడుతుంది. ఈ రెండు కొలతలూ టేపుతో ముందే చూసుకోవచ్చు.

రాణిగంజ్_బేరింగ్
వేగం గావాలంటే బరువు గాదు, చక్రాలు తిన్నగ పెట్టుకో. దానికి పైసా ఖర్చు లేదు. డ్రైవరును కూసోబెట్టు, ఖాళీ బండి మీద కొలిస్తే తప్పొస్తది, బరువు పడ్డంక ఇరుసు వంగి లెక్క మారుతది. ముందు రెండు టైర్ల నడుమ గీతకు చాక్‌పీసు గుర్తు పెట్టు. ఇరుసు ఎత్తులనే, ముందు పక్క దూరం కొలువు, బండి సగం చుట్టు నెట్టి అవే గుర్తులు ఎనక్కి వచ్చినంక మళ్ల కొలువు. రెండు ఒక్కటే ఉండాలె, లేకుంటే ముందర 1 మి.మీ. తక్కువ. 5 మి.మీ. తేడా ఉన్నదంటే టైరు రోడ్డు మీద గీసుకుంటనే దిగుతది. దాని తర్వాత గాలి. టైరు పక్కన రాసిన గరిష్ఠం దాకా కొట్టు, దాటకు.

బేరింగుల గ్రీసు తీసి కిరోసిన్‌ల కడిగి, మిషిను నూనె నాలుగు చుక్కలు ఏస్తే ఇంక తేలిగ్గ తిరుగుతయి.

చింతల్_స్పోక్
గ్రీసు తీయడం దగ్గర మాత్రం ఒప్పుకోను అన్నా. వెంచర్ రోడ్ల ధూళిలో నూనె వేసిన బేరింగు రెండు పందేలకే గరగరమంటుంది. దానివల్ల వచ్చే లాభం, టైరులో గాలి సరిగ్గా కొడితే వచ్చే దాంట్లో చిన్న ముక్క. కొత్తవాళ్లు సీలు తీయకుండా ఉంచుకోవడమే మంచిది.

రాణిగంజ్_బేరింగ్
కొత్తోళ్లకు నీ మాటే రైటు. ప్రతి పందేనికి విప్పి కడిగే ఓపిక ఉన్నోళ్లకు నా మాట.

అల్వాల్_మాధవి
మా అమ్మాయికి 12 ఏళ్లు, చాలా ఉత్సాహంగా ఉంది. పిల్లలను ఇలాంటి క్లబ్బుల్లో చేర్చుకోవచ్చా?

నల్లకుంట_శాస్త్రి
అసలీ ఆట పిల్లలతోనే పెరిగిందమ్మా. 1933లో అమెరికాలోని డేటన్‌లో పిల్లలు చెక్కపెట్టెలతో బళ్లు చేసి ఆడుకుంటుంటే ఒక పత్రికా ఫొటోగ్రాఫర్ చూసి పోటీగా మార్చాడు. 1934లో జాతీయ పోటీ, మరుసటి ఏడాది నుంచి ఏక్రన్‌లో, 1936లో అక్కడ శాశ్వత ట్రాకే కట్టేశారు. ఇప్పటికీ 7 నుంచి 20 ఏళ్ల వాళ్లే అక్కడ నడుపుతారు. ముంబైలో 2012లో జరిగిన రెడ్ బుల్ పోటీ దారి వేరు. అందులో వేగంతో పాటు వేషానికీ, బండి రూపానికీ మార్కులుంటాయి.

స్టార్టింగ్ పలక, అంటే పైన బళ్లను ఆపి ఉంచి పందెం మొదలవగానే ముందుకు పడేది, చెక్కదా ఇనుపదా చూడండి. 1973లో ఏక్రన్‌లో గెలిచిన బండి ముక్కులో విద్యుదయస్కాంతం దొరికింది. ముందుకు పడే ఇనుప పలక బండిని కూడా లాక్కుపోయింది. తల వెనక్కి ఆనిస్తే స్విచ్ పడేలా అమర్చారు. ఆ గెలుపును రద్దు చేశారు. చెక్క పలకైతే ఆ గొడవే లేదు.

మెట్టుగూడ_మార్షల్
మాధవి గారూ, పాపను తప్పకుండా తీసుకురండి, కానీ పెద్దల రోడ్డు మీద కాదు. 2 శాతం లోపు వాలు, 60, 70 మీటర్లు, మలుపు లేని దారి. తల్లిదండ్రుల సంతకం అడగని క్లబ్బైతే చేర్చకండి. ఐఎస్ 4151 (టూవీలర్ హెల్మెట్ల భారత ప్రమాణం) గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్ పాప తలకు సరిపోయే సైజులో కొనండి, నాన్న హెల్మెట్ సరిపెట్టడం కుదరదు. చున్నీ, వదులు ప్యాంటు, విడిచిన జడ వద్దు, చక్రం పక్కనే ఉంటుంది.

బోయినపల్లి_వెల్డర్
సీటు బెల్టు గూడ చెప్పాలె. బెల్టు లేని బండి ఎక్కొద్దు.

మెట్టుగూడ_మార్షల్
రోల్ హూప్ (తల వెనక నిలబెట్టే ఇనుప కమాను) లేని బండిలో బెల్టు పెట్టడం ఇంకా ప్రమాదం అన్నా. బండి తిరగబడితే మనిషి బయటికి రాలేడు, బరువంతా మెడ మీద పడుతుంది. రెండూ ఉండాలి, లేదా రెండూ లేకుండా చాలా మెల్లగా వెళ్లే రోడ్డు అయ్యుండాలి.

బోయినపల్లి_వెల్డర్
నిజమే, హూప్ లేకుండ బెల్టు వద్దు. హూప్‌కు 32 మి.మీ. గుండ్రం పైపు, 2 మి.మీ. మందం. హెల్మెట్ కన్నా 5 సెం.మీ. పైకి ఉండాలె, ఎనక రెండు దన్ను పైపులు ఫ్రేముకు కలవాలె. దన్ను లేని హూప్ ఒక్క దెబ్బకు ఎనక్కి పండుకుంటది.

అల్వాల్_మాధవి
చాలా థాంక్స్. మలుపుల దగ్గర ఏం పెడతారు? ప్లాస్టిక్ బ్యారికేడ్లు సరిపోతాయా?

మెట్టుగూడ_మార్షల్
నీళ్లు నింపినవి గోడతో సమానం, ఖాళీవి ఎగిరిపోతాయి. మిషనుతో కట్టిన వరిగడ్డి కట్టలు, లేదా మూడు వరసలుగా తాడుతో కట్టిన పాత టైర్లు. టైర్ల ముందు రబ్బరు బెల్టు పరచాలి, లేకపోతే చక్రం టైర్ల సందులో ఇరుక్కుని బండి అక్కడికక్కడే తిరుగుతుంది.

నాచారం_నవీన్
రేపు వెళ్లి కింద నిలబడి చూస్తా. అనుమతి కాపీ, కాటా, రెండో బ్రేకు అడుగుతా. చేరితే మొదట్లో ఏం చేయమంటారు? ఇంకోటి, నా ఎత్తుకు క్లబ్బు బండి సరిపోతుందా?

మెట్టుగూడ_మార్షల్
మొదట జెండా పట్టుకో. మలుపు దగ్గర నిలబడితే ఏ బండి ఎందుకు జారుతుందో నడిపే వాడికన్నా నీకే బాగా కనిపిస్తుంది. తర్వాత క్లబ్బు బండి అడుగు. పై నుంచి వదలనివ్వకు, గీతకు 20 మీటర్ల ఎగువ నుంచి మొదలుపెట్టి బ్రేకు అలవాటయ్యాక 50, ఆ తర్వాత 100. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడి రోడ్డు మీద వదిలితే ఒప్పుకోకు.

బాలానగర్_లేత్
ఎత్తుకు సరిపోతుందో లేదో ఎక్కి కూర్చుని చూడాలండి. కాళ్లు పూర్తిగా చాచకూడదు, మోకాలు కాస్త వంగి ఉండాలి. లేకపోతే ముందు ఏదైనా తగిలినప్పుడు దెబ్బ నేరుగా తుంటికి పోతుంది. స్టీరింగ్ రెండు పక్కలా చివరి దాకా తిప్పి చూడండి, మోకాలికి గానీ తొడకు గానీ తగలకూడదు. 5.11 వాళ్లకు ఎక్కువగా ఇబ్బంది వచ్చేది అక్కడే. తర్వాత హెల్మెట్, బెల్టు పెట్టుకుని ఎవరి సాయం లేకుండా 10 సెకన్లలో బయటికి రండి. రాలేకపోతే సీటును వెనక్కి జరపమనండి, బోల్టు రంధ్రాలు 3 సెం.మీ.లకు ఒకటి చొప్పున నాలుగు ఉంటే ఏ ఎత్తు వాళ్లకైనా సర్దుకుంటుంది. సీటు జరిపితే చక్రాల మీద బరువు మారుతుంది కాబట్టి చాక్‌పీసు కొలత మళ్లీ తీసుకోవాలి.